పొద్దున్నే వచ్చే కడుపునొప్పి: పిల్లల్లో ఆందోళనను గుర్తించడం, తోడ్పడటం

ఆదివారం పొద్దుగూకేదాకా వీధిలో ఆడిన పిల్లవాడు సోమవారం తెల్లవారేసరికి "కడుపునొప్పెడతంది, నాను బడికెల్లను" అంటూ ముసుగు తీయడు. బడి వేళ దాటిపోతుంది, నొప్పి తగ్గుతుంది, మధ్యాహ్నానికి మళ్ళీ ఆటలో పడతాడు. పెద్దలు దీన్ని నాటకమనో, బద్ధకమనో, గారాబం ఎక్కువైందనో అనుకుంటారు. అది నాటకం కాదు. భయం కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలై గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు మళ్ళుతుంది, పేగుల కదలిక మారుతుంది. అందువల్ల నొప్పి నిజంగానే వస్తుంది, భయపెట్టే వేళ దాటగానే నిజంగానే తగ్గుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇటువంటి పిల్లలను రోజూ చూసే తల్లిదండ్రుల కోసం, పిల్లలను తమ దగ్గర ఉంచుకుని పెంచుతున్న తాతయ్య, అమ్మమ్మల కోసం, ఉపాధ్యాయుల కోసం, వసతిగృహాలు నడిపేవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను. అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది ఒకటుంది. పిల్లల భయాన్ని తిట్టి, కొట్టి పోగొట్టలేము. అలాగని వారు భయపడే ప్రతిదాని నుంచీ వారిని తప్పిస్తూ పోయినా అది పోదు, పైగా పెరుగుతుంది. భయం ఉందని ఒప్పుకుంటూ, పక్కన నిలబడి, చిన్న చిన్న మెట్లుగా దాని ఎదుటికి తీసుకువెళ్ళినప్పుడే అది తగ్గుతుంది.

వయసుకు తగిన భయం, వయసును మించిన భయం

ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ కొత్తముఖం చూసి ఏడవడం, ఏడాదిన్నర బిడ్డ తల్లి కొంగు వదలకపోవడం, నాలుగైదేళ్ళవారు చీకటికీ దెయ్యాలకీ జడవడం, ఎనిమిదేళ్ళు దాటినవారు ఇంట్లోవాళ్ళకు ఏమైనా అవుతుందేమోనని ఆలోచించడం, పదమూడు పద్నాలుగేళ్ళవారు నలుగురూ తమను చూసి ఏమనుకుంటారోనని ముడుచుకుపోవడం ఎదుగుదలలో భాగమే. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన బిడ్డ మొదటి రెండు మూడు వారాలు గుమ్మం దగ్గర ఏడిస్తే కంగారుపడనక్కరలేదు.

ఎప్పుడు పట్టించుకోవాలో తేల్చుకోవడానికి మూడు సంగతులు చూడాలి. ఆ భయం ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఉండేదేనా, ఎంత కాలంగా ఉంది, దానివల్ల బిడ్డ ఏం చేయలేకపోతున్నాడు. నా దృష్టిలో మూడోదే ముఖ్యం. కుక్కలంటే భయపడే పిల్ల వీధి మారి వేరే దారిన బడికి చేరుతున్నంతకాలం అది భయమే. కుక్కలున్నాయని ఇల్లు కదలడం మానేస్తే అది చికిత్స చేయవలసిన ఆందోళన. కాలం విషయానికి వస్తే, తల్లిని విడిచి ఉండలేని భయం పిల్లల్లో నాలుగు వారాలకు మించి, చదువుకో నిద్రకో అడ్డువచ్చేంతగా ఉంటే వైద్యులు దాన్ని రుగ్మతగా పరిగణిస్తారు. ప్రతిదానికీ దిగులుపడే స్వభావానికీ, నలుగురిలో మాట్లాడలేని భయానికీ ఆరు నెలల గడువు పెట్టారు. అయితే సాయం చేయడానికి ఆ గడువు పూర్తయ్యేదాకా ఆగవలసిన పని లేదు.

కనిపించే గుర్తులు

"నాకు ఆందోళనగా ఉంది" అని ఏ పిల్లవాడూ చెప్పడు. శరీరం చెబుతుంది: కడుపునొప్పి, తలనొప్పి, వికారం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళడం, అరచేతుల్లో చెమట, నిద్ర పట్టకపోవడం, ఎప్పుడో మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలవడం. నడత కూడా చెబుతుంది. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగే పిల్లను గమనించండి. "అమ్మ ఎప్పుడొస్తుంది? తప్పకుండా వస్తుందా? బస్సు దొరక్కపోతే?" అని ఒకే సాయంత్రం పదేపదే అడుగుతున్న పిల్లకు కావలసింది సమాచారం కాదు, ధైర్యం. మీరు ఇచ్చిన ధైర్యం కాసేపట్లో ఇంకిపోతోంది, అందుకే మళ్ళీ అడుగుతోంది.

కోపం కూడా గుర్తే. బడికి సిద్ధం చేసే వేళ పళ్ళెం విసిరేసి, మీదపడి కొట్టే పిల్లవాడిలో మొండితనం కంటే భయమే ఎక్కువగా ఉండవచ్చు. రాసింది చెరిపి మళ్ళీ రాసి, ఒక్క తప్పు పడితే పేజీ చింపేసే పిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకుని వదిలేస్తాము. తరగతిలో అల్లరి చేసేవారు అందరి కంటా పడతారు కాని, చేయి ఎత్తకుండా, మధ్యాహ్న భోజనానికి కూడా చివర్లో లేచే పిల్ల ఏడాదంతా ఎవరి కంటా పడకుండా గడిపేస్తుంది. ఉపాధ్యాయులు ముందుగా వెతకవలసింది ఆమెనే.

అయితే శరీరపు జబ్బు లేదని రూఢి చేసుకోకుండా అంతా భయమేనని తేల్చేయకూడదు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నులిపురుగులు ఇటువంటి లక్షణాలనే చూపవచ్చు. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ వల్ల కూడా చేతులు వణికి, గుండె దడదడలాడుతుంది. రాత్రి నిద్రలోంచి లేపే కడుపునొప్పి, బరువు తగ్గడం, జ్వరం, వాంతులు, మలంలో రక్తం ఉంటే ముందు పిల్లల వైద్యునికి చూపించాలి.

మన ప్రాంతపు పిల్లలకు ఉన్న కారణాలు

ఆందోళన కొంత పుట్టుకతో వచ్చే స్వభావం, కొంత ఇంట్లో పెద్దల భయం చూసి నేర్చుకున్నది, కొంత జరిగిన సంఘటనల ఫలితం. ఈ మూడోదానికి మన జిల్లాల్లో కొదవ లేదు. తల్లిదండ్రులు హైదరాబాదుకో చెన్నైకో పనులకు వలసపోతే పిల్లలు ముసలివాళ్ళ దగ్గర మిగులుతారు. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకు వెళతారు. అలా వెళ్ళిన మన జిల్లాలవారిని 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో విడిచిపెట్టిన సంగతి ఆ ఊళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే తండ్రిని, పక్కింట్లో అదే జబ్బుతో పోయినవారిని చూస్తూ పెరిగే పిల్లలున్నారు. ఇలాంటి బిడ్డతో "ఏం కాదులే" అనడం వల్ల ప్రయోజనం లేదు. అవుతుందని వాడు కళ్ళారా చూశాడు. వయసుకు తగినంత నిజం చెప్పాలి: "నాన్నకు ఒంట్లో బాగోలేదు, అందుకే పలాస తీసుకెళుతున్నాం, సాయంత్రానికి వస్తాం, అప్పటిదాకా నువ్వు పిన్ని దగ్గర ఉంటావు." తెలియనిదాన్ని తెలిసినట్టు మాట ఇవ్వకూడదు. తండ్రి దూరాన ఉంటే, వీలున్నప్పుడల్లా చేసే పది ఫోన్ల కంటే వారంలో ఫలానా రోజు, ఫలానా వేళకు తప్పకుండా వచ్చే ఒక్క ఫోన్ పిల్లలకు ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

తుపానుల సంగతి వేరే చెప్పాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని పసితనంలో చూసినవారు ఇప్పుడు పెద్ద తరగతులకు వచ్చారు. గాలి హోరెత్తితే నిద్రపోని వాళ్ళు వారిలో ఉన్నారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు కూడా ఇంట్లో పెద్దలు చెప్పుకునే, తుపానుకు కూలిన కొబ్బరితోటల కథ విని భయపడతారు. హెచ్చరిక వచ్చినప్పుడు టీవీని రోజంతా మోగనివ్వకుండా పెద్దవారొకరు వార్త విని పిల్లలకు క్లుప్తంగా చెప్పాలి. టార్చిలైటు, మంచినీళ్ళ సీసాలు, పుస్తకాల సంచి ప్లాస్టిక్ కవరులో పెట్టడం వంటి పనుల్లో ఒకదాన్ని బిడ్డకు అప్పగించాలి. చేతిలో పని ఉన్న పిల్లలు తక్కువ భయపడతారు. గాలి లేని రోజున తుపాను రక్షిత భవనం దాకా ఒకసారి నడిపించి చూపించడం ఇంకా మంచిది.

సీతంపేట ఏజెన్సీలో సవర మాట్లాడే ఇళ్ళ నుంచి, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు తెలుగు తరగతిలో కొన్ని నెలలు నోరు విప్పకపోతే దాన్ని వెంటనే జబ్బుగా భావించకూడదు. ఇంటి భాషలో గలగలా మాట్లాడుతూ, తెలుగు అర్థమవుతున్న కొద్దీ బడిలోనూ మాట్లాడుతుంటే అది కొత్త భాష వల్ల కలిగిన మౌనమే. భాష వచ్చినా, ఏడాది గడిచినా, ఇంటి బయట ఒక్క మాటా పలకని పిల్లలకు మాత్రం నిపుణుల సాయం కావాలి.

ఏమని మాట్లాడాలి

భయం ముదిరిన క్షణంలో ఉపన్యాసం ఎక్కదు. రెండు ముక్కలు చాలు: మొదటిది భయాన్ని గుర్తించినట్టు చెప్పేది, రెండోది బిడ్డ మీద నమ్మకాన్ని చెప్పేది. "భయమేస్తందని నాకు తెలుసు నాన్నా. ఐనా నువ్వు వెళ్ళగలవు, గేటు దాకా నేనొస్తాను." మొదటి ముక్క లేకపోతే తమ బాధ ఎవరికీ పట్టలేదని పిల్లలు అనుకుంటారు, రెండోది లేకపోతే భయపడవలసినంత ప్రమాదం నిజంగానే ఉందనుకుంటారు. మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నకు ఒకసారి నిజాయితీగా జవాబు చెప్పి, రెండోసారి అడిగినప్పుడు "నేనేం చెప్పానో నువ్వే చెప్పమ్మా" అని బిడ్డ చేతే చెప్పించండి. ప్రతిదానికీ దిగులుపడే పెద్ద పిల్లలకు సాయంత్రం పదిహేను నిమిషాలు కేటాయించి, ఆ రోజు దిగుళ్ళన్నీ అప్పుడే చెప్పుకోమనండి; మిగతా వేళల్లో వచ్చినవాటిని కాగితం మీద రాసి పెట్టుకుంటారు.

ఏడుస్తుందని, బిడ్డ చూడకుండా తల్లి దొడ్డిదారిన జారుకోవడం మన ఇళ్ళలో మామూలు. దానివల్ల అమ్మ ఏ క్షణానైనా మాయమవుతుందని బిడ్డకు అర్థమై మరింత అంటిపెట్టుకుంటుంది. చెప్పి వెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఎక్కువసేపు ఓదార్చవద్దు, చెప్పిన వేళకు రండి. పోలీసులకు పట్టిస్తామని, సూది వేయిస్తామని, బూచోడికి ఇచ్చేస్తామని అనడం పూర్తిగా మానాలి. దిష్టి తీయడం, గుడిలో విభూతి పెట్టించడం ఇంటివారి నమ్మకం. దానివల్ల హాని లేదు. "నీకు ఏదో పట్టింది" అని బిడ్డకు చెప్పడం, వాతలు పెట్టించడం, భూతవైద్యం పేరుతో కొట్టించడం మాత్రం హింస, ఆ భయం ఏళ్ళ తరబడి పోదు.

మెట్ల పద్ధతి

పలాస దగ్గరి పల్లెలో నాయనమ్మ దగ్గర ఉంటూ మూడో తరగతి చదివే పిల్లవాడు మూడు వారాలుగా బడికి వెళ్ళడం లేదనుకుందాం. ముందుగా నాయనమ్మ, తరగతి ఉపాధ్యాయిని, పిల్లవాడు కలిసి కూర్చుని మెట్లు రాసుకోవాలి. మొదటి మెట్టు, బడి వదిలాక సాయంత్రం పూట గేటు దాకా నడిచి రావడం. రెండోది, పొద్దున్నే యూనిఫాం వేసుకుని వెళ్ళి ఆ ఉపాధ్యాయినిని పలకరించి తిరిగి రావడం. మూడోది, నాయనమ్మ వరండాలో కూర్చుని ఉండగా మొదటి పీరియడ్ తరగతిలో ఉండటం. నాలుగోది, ఆమె ఇంటికి వెళ్ళిపోయినా ఇంటర్వెల్ దాకా ఉండటం. ఐదోది, స్నేహితుల పక్కన మధ్యాహ్న భోజనం చేసి రావడం. ఆరోది, పూర్తి రోజు.

ప్రతి మెట్టు దగ్గరా భయం ఎంతుందో పది వేళ్ళతో చూపించమనాలి. ఎనిమిది వేళ్ళున్నప్పుడు ఇంటికి తీసుకుపోతే పారిపోవడమే మందని శరీరం నేర్చుకుంటుంది. ఏమీ జరగదని అనుభవానికి వచ్చి, నాలుగు వేళ్ళకు దిగేదాకా అక్కడే ఉంటే, భయం తనంతట తానే దిగుతుందని నేర్చుకుంటుంది. ఒకే మెట్టు వరసగా కొన్ని రోజులు చేయించి, విసుగు పుట్టాక పైకి వెళ్ళాలి. ఒక రోజు జరగకపోతే ఆ మెట్టును రెండుగా విడగొట్టాలి, వదిలేయకూడదు. మెచ్చుకోలు ధైర్యానికి దక్కాలి: "ఏడవలేదు, మంచివాడివి" అనకండి, "భయమేసినా ఇంటర్వెల్ దాకా ఉన్నావు" అనండి. ఇంట్లో ఉండిపోయిన గంటల్లో ఫోను, టీవీ ఉండకూడదు. శిక్షగా కాదు, బడి వేళ బడి వేళలా గడవాలి గనుక. నాయనమ్మకు ఇది కష్టమే, మనవడి కన్నీళ్ళు చూస్తూ కదలకుండా కూర్చోవడం అందరికీ చేతకాదు. పక్కింటివారో, ఆశా కార్యకర్తో మొదటి వారం ఆమెకు తోడుగా ఉంటే బాగుంటుంది.

పెద్దలు తమ తీరు మార్చుకోవడం ఎంత బలమైన మందో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్షలో తేలింది. అక్కడ చికిత్సకులు పిల్లలను చూడకుండా తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చినా, పిల్లలకు నేరుగా ఇచ్చిన చికిత్సకు తీసిపోని ఫలితం వచ్చింది.

గుండె దడదడలాడి, ఊపిరి అందనట్టై, చచ్చిపోతాననిపించే భయపు దాడి (పానిక్ ఎటాక్) పెద్ద తరగతుల పిల్లలకు, ముఖ్యంగా పరీక్షల ముందు రావచ్చు. అది సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి తగ్గుతుంది. పక్కన కూర్చుని, మూడు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చి ఐదు లెక్కపెట్టేదాకా వదలమనండి. ఇది నిమ్మళంగా ఉన్నప్పుడే రోజూ సాధన చేసి ఉంటే ఆ వేళకు పనికొస్తుంది. నోటికి కాగితపు సంచి పెట్టించవద్దు. మొదటిసారి వచ్చినప్పుడు, లేదా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి ఉన్నా వైద్యునికి చూపించాలి.

బడి, వసతిగృహం

విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. నలుగురిలో నిలబెట్టి "పిరికివాడు" అనడం కూడా వేధింపే. ఆందోళన ఉన్న పిల్లలకు బడి చేయగల మేలు చిన్నచిన్న పనుల్లో ఉంది: పొద్దున్నే పేరుపెట్టి పలకరించే ఒక మనిషి, తలుపు దగ్గరి సీటు, అడగకుండా మూత్రానికి వెళ్ళిరావడానికి ఒప్పందం, నోటితో జవాబు చెప్పే ముందు కాగితం మీద రాసి చూపే వీలు. అయితే ఇవి ఎప్పటికీ ఉండిపోకుండా నెలనెలా ఒక్కొక్కటీ తగ్గించాలి.

గురుకులంలోనో ఆశ్రమ పాఠశాలలోనో కొత్తగా చేరిన పిల్లలు బెంగపెట్టుకుంటే, "వచ్చేవారం తీసుకుపోతాం" అని అబద్ధపు మాట ఇవ్వడం వల్ల ప్రతివారం కొత్త గాయమవుతుంది. ఎప్పుడు చూడటానికి వస్తారో కచ్చితంగా చెప్పి, ఆ రోజుకు వెళ్ళండి. బెంగ మామూలుగా కొన్ని వారాల్లో పలచబడుతుంది. పలచబడకుండా పెరుగుతున్నా, ఫలానా మనిషి పేరు వినగానే బిగుసుకుపోతున్నా, రాత్రిళ్ళు మాత్రమే భయపడుతున్నా అక్కడ ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా, చేయకూడని విధంగా తాకుతున్నారా అని ఒంటరిగా, నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి. నిజంగా ప్రమాదం ఉన్నచోటికి మెట్ల పద్ధతిలో పంపడం ఘోరం. అక్కడ బిడ్డ ధైర్యంతో పని లేదు, రక్షణ కావాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు.

వైద్యసాయం

ఇంటి ప్రయత్నం నెల రోజులు సాగినా మార్పు లేకపోతే, తిండీ నిద్రా చెడితే, బడి పూర్తిగా ఆగిపోతే మానసిక వైద్యులను కలవాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకు వెళ్ళవచ్చు; ఇంకా అవసరమైతే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఎక్కడికీ కదలలేనివారు 14416కు ఫోన్ చేస్తే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ సేవలో ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలని ఉందని బిడ్డ అన్నా, చేయి కోసుకున్నా అదే రోజు తీసుకువెళ్ళాలి; అప్పటిదాకా ఒంటరిగా వదలకుండా, పురుగుమందులూ మాత్రలూ అందకుండా దాచాలి.

మొదటి చికిత్స సాధారణంగా మాటలతోనూ, పైన చెప్పిన మెట్లతోనూ సాగేదే. తీవ్రంగా ఉన్నప్పుడు మందు కలుపుతారు. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ళ వయసున్న 488 మందితో చేసి 2008లో ప్రకటించిన పరిశోధనలో, 12 వారాల తర్వాత, మాటల చికిత్స ఒక్కటే పొందినవారిలో 60 శాతం, సెర్ట్రలిన్ అనే మందు ఒక్కటే వాడినవారిలో 55 శాతం, రెండూ పొందినవారిలో 81 శాతం, మందు లేని ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 24 శాతం బాగా మెరుగుపడ్డారు. ఈ మందుల ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తొలి వారాల్లో చిరాకు, నిద్రలేమి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో కనిపెట్టుకుని ఉండాలి. తగ్గిందని ఒక్కసారిగా మానేయకూడదు. నిద్రమాత్రలో, ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రలో సగం చేసి పిల్లలకు వేయడం ప్రమాదకరం. వైద్యుని దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు వారాల చిట్టా తీసుకువెళ్ళండి: నొప్పి ఏ రోజు, ఏ వేళ వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, మీరేం చేశారు, ఎంతసేపట్లో తగ్గింది.

నయమైన పిల్లలకు కూడా దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల తర్వాత భయం తిరిగి రావడం మామూలే. అందుకే బడి తెరవడానికి రెండు రోజుల ముందు నుంచే పొద్దున్నే లేపి, యూనిఫాం వేసి, సాయంత్రం గేటు దాకా నడిపించండి. తెరిచిన రోజున కడుపునొప్పి వస్తే పూర్తి రోజు అని పట్టుబట్టకుండా ఐదో మెట్టు నుంచి, మధ్యాహ్న భోజనం దాకా, మళ్ళీ మొదలుపెట్టండి.